గ్రాసాచ్ఛాదనము – దాయభాగము: ఆంధ్రవాఙ్మయమున వికలాంగుల స్థానము

రసము, అలంకారము, పాత్రపోషణము, కవికాలనిర్ణయము మొదలగు విషయములపై మన విమర్శకులు చేసిన చర్చ విస్తారమైనది. కాని కన్ను లేనివానికి, కాలు లేనివానికి, చెవి వినరానివానికి, మాట రానివానికి, బుద్ధివికాసము మందగించినవానికి మన గ్రంథములలో ఎట్టి స్థానము దొరకినదను ప్రశ్న మాత్రము పత్రికలలో అరుదుగనే కనఁబడుచున్నది. విషయము స్వల్పమైనది కాదు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో మనదేశమున 2 కోట్ల 68 లక్షలమంది వికలాంగులుగా నమోదైరి. వారిలో నాఁటి ఉమ్మడి ఆంధ్రప్రదేశమునకుఁ జెందినవారు 22 లక్షల 66 వేలమంది. దేశమందలి వికలాంగులలో అక్షరాస్యులు నూటికి సుమారు 55 మంది మాత్రమే. 1995వ సంవత్సరపు చట్టము ఏడువిధముల వైకల్యములను గుర్తింపఁగా, 2016వ సంవత్సరపు చట్టము ఇరువదియొక్కవిధములను గుర్తించినది. ఇంతమంది జనుల కథ వాఙ్మయమున ఎట్లు చెప్పఁబడినదో, ఆ వాఙ్మయమున వారికిఁ బాలెంత దక్కినదో విచారించుట సాహిత్యపరిశోధకుల కర్తవ్యములలో నొకటియని తోఁచి ఈ వ్యాసమునకుఁ బూనుకొంటిని.

ఈ విచారమును శబ్దము, కథ, దాయము అని మూఁడుగా విభజింతును. వికలాంగుని ఏమని పిలిచితిమన్నది మొదటిది. అతనికి ఏ పాత్రము నిచ్చితిమన్నది రెండవది. అతనికి ఏమి పంచి యిచ్చితిమన్నది మూఁడవది. మొదటి రెండింటి విలువను మూఁడవదానివలననే నిర్ణయింపవలయునని నా యభిప్రాయము.

శబ్దవిచారము

అమరసింహుఁడు కుబ్జ, పంగు, ఖంజ, బధిర, అంధాదిశబ్దములను మనుష్యవర్గమున వయోభేదములు, దేహాకృతులు చెప్పుచోటనే చేర్చినాఁడు. వికలాంగశబ్దమును అచ్చటనే కలదు. పొడుగువాఁడు, పొట్టివాఁడు అనునట్లే ఇవియు మనుష్యదేహమునకు సంబంధించిన విశేషణములుగా నున్నవి. ఏహ్యభావ మేమియు అచ్చట ధ్వనింపదు. అంతకంటె గమనింపఁదగిన శబ్దము ‘ఏడమూక’. చెవియు వినక మాటయు రానివానికిఁ బేరైన ఈ శబ్దమునకు అర్థము చెప్పుచు అమరుఁడు వినుటయందును పలుకుటయందును ‘అశిక్షితుఁ’డని నిర్వచించినాఁడు. శిక్ష లభింపనివాఁడని దాని భావము. లోపము వానియందుకంటె వానికి దొరకని బోధనయందున్నదను సూచన ఆ యొక్కమాటలోఁ గలదు. సంకేతభాషాపరిశోధనకును శిక్షణమునకును ఢిల్లీలో ప్రత్యేకసంస్థ 2015లో ఏర్పడినది. ఆ సంస్థ 2021 నాఁటికి పదివేల పదముల సంకేతనిఘంటువును సిద్ధపఱచినది. అమరుని నిర్వచనమును ఆచరణమునకుఁ దెచ్చుటకు మనకుఁ బట్టిన కాలమును విజ్ఞులు లెక్కింతురుగాక.

ఇఁక దేశ్యములు. గ్రుడ్డి, చెవిటి, మూఁగ, కుంటి, గూని, అవిటి అను మాటలు స్వతః నిందావాచకములు కావు. అవి నిందావాచకములైనది లక్షణచేత. వెలుఁగు చాలని దీపము గ్రుడ్డిదీపము. చెల్లని గవ్వ గ్రుడ్డిగవ్వ. విచారింపక నమ్మినది గ్రుడ్డినమ్మకము. పసలేని కారణము కుంటిసాకు. వ్యర్థమైన ప్రయత్నము చెవిటివానిముందు శంఖమూదుట. ఈ జాతీయములలో ఇంద్రియలోపము ప్రతిసారియు విలువలేమికి ఉపమానమగుచున్నది. ఈ వాడుకలను నిఘంటువులనుండి తొలఁగింపవలయునని నే ననను. భాషనుండి మాటలను ఆజ్ఞచే వెడలఁగొట్టుట సాధ్యమును కాదు, హితమును కాదు. కాని పాఠము చెప్పు పండితుఁడు తన యెదుట బల్లపైఁ గూర్చున్న చెవిటిబాలుఁడు ఈ సామెతను చదువునపుడు ఏమనుకొనునో ఒక్కక్షణము తలపోయుట మంచిది.

నిందను గూర్చి మన ధర్మశాస్త్రకారులు చెప్పినది మిక్కిలి సూక్ష్మమైనది. కౌటిల్యుఁడు వాక్పారుష్యప్రకరణమున, ఒంటికంటివానిని కుంటివానిని ఉన్నమాటయే యనినను మూఁడు పణములు, లేనిది కల్పించి యనిన ఆఱు పణములు, స్తుతివలెఁ బలికి నిందించిన పండ్రెండు పణములు దండము విధించినాఁడు. యాజ్ఞవల్క్యుఁడును సత్యముచేతఁ గాని, అసత్యముచేతఁ గాని, అన్యథాస్తోత్రముచేతఁ గాని న్యూనాంగుని ఆక్షేపించినవానికి పండ్రెండున్నర పణములు దండమనెను. అన్యథాస్తోత్రమనఁగా లేని గుణమును ఆరోపించి పొగడుట. కౌటిల్యుని మతమున తిట్టుకంటె ఈ పొగడ్తకే దండ మెక్కువయని గమనింపుఁడు. తిట్టు తిట్టుగానే వినఁబడును. పొగడ్త నవ్వులో దాఁగి వచ్చును.

ఈ సూక్ష్మము నేఁటికిని పనికివచ్చుచున్నది. వికలాంగశబ్దమున న్యూనతాభావము కలదని తలఁచి మన రాష్ట్రప్రభుత్వము ‘విభిన్నప్రతిభావంతులు’ అను పేరు తెచ్చినది. 2015 డిసెంబరులో ప్రధానమంత్రి ‘దివ్యాంగ’ శబ్దమును సూచింపఁగా, మఱుసటి సంవత్సరము కేంద్రప్రభుత్వశాఖ పేరిట అది చేరినది. ఉద్దేశము మంచిదే. అయినను వికలాంగసంఘములు కొన్ని అప్పుడే ఆక్షేపించినవి. తమ దేహమున దివ్యత్వ మేమియు లేదనియు, మెట్లులేని దారియు, చదువఁదగిన పుస్తకమును, పనియు కావలయుననియు వారి వాదము. శాస్త్రదృష్టితోఁ జూచినను వారి యాక్షేపము నిలుచును. కాలు లేనివానిని దివ్యాంగుఁడనుట యాజ్ఞవల్క్యుఁడు చెప్పిన అన్యథాస్తోత్రమునకు మిక్కిలి దగ్గఱగా నున్నది. నిందోద్దేశము లేదనుటయే భేదము. విభిన్నప్రతిభావంతుఁడనుటలో మఱియొక చిక్కు కలదు. ప్రతిభ లేని సామాన్యవికలాంగుఁడు ఏమి కావలయును? సామాన్యులగు మనకు ప్రతిభాపరీక్ష లేకయే ఓటును ఆస్తియు లభించుచుండఁగా, వానికిమాత్రము ప్రతిభ యేల నిబంధన కావలయును? కాఁబట్టి అమరుఁడు వాడిన వికలాంగశబ్దమునే ఈ వ్యాసమున నేను వాడుచున్నాను.

కథావిచారము

భారతకథ కంతకును మూలకారణములలో నొకటి ధృతరాష్ట్రుని అంధత్వము. జ్యేష్ఠుఁడైనను కన్నులు లేనందున రాజ్యము పాండునకుఁ బోయెను. అంతకుముందు ప్రతీపుని జ్యేష్ఠపుత్రుఁడగు దేవాపి ధర్మజ్ఞుఁడును ప్రజాప్రియుఁడును అయ్యును, చర్మరోగియగుటచే రాజ్యమునకుఁ దగఁడని ద్విజులును వృద్ధులును అడ్డుపడినట్లు సంస్కృతభారతోద్యోగపర్వమునఁ గలదు. ఆ వృత్తాంతమును దుర్యోధనునకుఁ జెప్పువాఁడు ధృతరాష్ట్రుఁడే. తనకు జరిగిన అన్యాయమును తన వంశచరిత్రమునందే చూపఁగలవాఁడు, దానినుండి న్యాయమును నేర్వక పుత్రవ్యామోహమున మునిఁగెను. ఇచ్చట విమర్శకులు సాధారణముగాఁ జేయు పొరపాటొకటి కలదు. ధృతరాష్ట్రుని అవివేకమునకు అతని అంధత్వమును ప్రతీకగాఁ జూపి, బయటి కన్నులు లేనివానికి లోపలి కన్నులును లేవని వ్యాఖ్యానింతురు. కన్నులున్న దుర్యోధన కర్ణ శకునులు చేసిన అవివేకమునకు ప్రతీక యేదో వారు చెప్పరు. ఆ సభలో ద్రౌపదీపరాభవమును కన్నులార చూచి యూరకున్న పెద్దలెందఱో కలరు.

ఇంతకంటె ముఖ్యమైన విషయము మఱియొకటి కలదు. యుద్ధారంభమున వ్యాసుఁడు ధృతరాష్ట్రునకుఁ జూపు నిచ్చెదననఁగా, జ్ఞాతివధము చూడఁజాలనని అతఁడు వలదనెను. అప్పుడు సంజయునకు దివ్యదృష్టి లభించినది. ఆ సంజయుఁడు యుద్ధమును వర్ణింపఁగా ధృతరాష్ట్రుఁడు వినెను. భీష్మపర్వము మొదలుకొని యుద్ధపర్వములయందు మనము చదువు వర్ణనమున కంతకును తొలిశ్రోత కన్నులు లేనివాఁడు. తిక్కనసోమయాజి యుద్ధఘట్టములు కన్నులకుఁ గట్టినట్లుండునని మన మందఱము ప్రశంసింతుము. కన్నులకుఁ గట్టినట్లు చెప్పవలసిన అవసరము కథలోనే యున్నదని మాత్రము మఱతుము. ఎదుటివాఁడు చూడలేఁడు గనుక ఎవఁడు ఎచ్చట నిలిచెనో, ఏ రథ మెటు తిరిగెనో, ఏ శర మెవనిఁ దాఁకెనో సంజయుఁడు వరుసఁ దప్పక చెప్పవలసివచ్చెను. శ్రోతయు ఊరకుండక నడుమ నడుమ ప్రశ్నించును. వినువాని అవసరమే వర్ణనమునకు క్రమమును స్పష్టతను ఇచ్చినది. వికలాంగునకుఁ జేసిన ఉపకారము వానియొద్దనే నిలువక లోకమునకంతకును సొత్తగుననుటకు మన వాఙ్మయమున ఇంతకంటె గొప్ప యుదాహరణము లేదు. నెల్లూరిమండలమున తిక్కనను పాఠము చెప్పువారు ఈ యంశమును విద్యార్థులకుఁ జెప్పినచో భారతపఠనమునకుఁ గొత్తవెలుఁగు కలుగును.

అష్టావక్రుని కథను లోకులు చెప్పుకొను విధము వేఱు, వ్యాసభారతారణ్యపర్వమున నున్న విధము వేఱు. ఎనిమిది వంకరల దేహమును జూచి జనకుని సభ నవ్వెననియు, చర్మమును జూచువారు చర్మకారులని అతఁడు బదులు చెప్పెననియు వాడుక. అరణ్యపర్వకథలో ఆ నవ్వు లేదు. అచ్చట అతనికి అడ్డము వచ్చినవాఁడు ద్వారపాలకుఁడు. బాలురకుఁ బ్రవేశము లేదు, వృద్ధులగు విద్వాంసులకే కలదని వాఁడు నియమమును జెప్పెను. తల నెఱసినమాత్రమున పెద్దతనము రాదని అష్టావక్రుఁడు వాదించి లోపలికిఁ బోయి వందిని జయించెను. లోకకథలో దోషము జనుల హృదయమునఁ గలదు. మూలకథలో వాకిటి నియమమునఁ గలదు. ఈ భేదము చిన్నది కాదు. హృదయములు మాఱువఱకును వేచియుండవలసిన పనిలేదు, నియమమును నేఁడే మార్పవచ్చును. ప్రజోపయోగములగు కట్టడములన్నిటిని వికలాంగులకు సుగమముగాఁ జేయవలయునని 2016 చట్టము శాసించినది; 2017లో నియమములు వెలువడినవి; ఉన్న కట్టడములకిచ్చిన ఐదేండ్ల గడువు 2022తో ముగిసినది. ఆ నియమములు సలహాలవలె నుండరాదనియు, తప్పక పాటింపవలసినవిగా నుండవలయుననియు సర్వోన్నతన్యాయస్థానము 2024 నవంబరులో తీర్పు చెప్పినది. ఇన్నియేండ్ల పిమ్మటను మన పాఠశాలల, గ్రంథాలయముల మెట్లు అనేకచోట్ల ఆ ద్వారపాలకుని పనియే చేయుచున్నవి.

అయితే అష్టావక్రుని కథాంతమును విమర్శింపక తప్పదు. సమంగానదిలో స్నానముచేయఁగా అతని వంకరలు తీఱినవి. భాగవతమునందలి కుబ్జకును శ్రీకృష్ణుని స్పర్శచే గూను పోయినది. రామాయణమందలి మంథర గూను తీఱలేదు, ఆమె దుష్టపాత్రము. మంచివారైనచో వైకల్యము తొలఁగును, చెడ్డవారైనచో నిలుచును. ఇది మన కథాకారులకు అలవాటైన మార్గము. వైకల్యముతోడనే జీవించి, దానితోడనే గౌరవము నొందినవాఁడు కథలలో అరుదు. దీర్ఘతముఁ డట్టివాఁడు. పుట్టంధుఁడగు ఆ ఋషిని పోషింపఁజాలక భార్యయగు ప్రద్వేషి కొడుకులచేఁ గట్టించి గంగలోఁ ద్రోయించెను. బలిమహారాజు కాపాడి గౌరవించెను. అంగవంగకళింగాదిరాజులు ఆ ఋషివలనఁ బుట్టిరి. ఋగ్వేదమున ఆయన దర్శించిన సూక్తములు నేఁటికిని పఠింపఁబడుచున్నవి. ఆయనకుఁ జూపు వచ్చిన పిమ్మట గౌరవము వచ్చినదని భారతము చెప్పలేదు.

కథలవెనుక నున్న సిద్ధాంతము కర్మవిపాకము. దీపము దొంగిలినవాఁడు అంధుఁడగుననియు, గుఱ్ఱమును దొంగిలినవాఁడు పంగువగుననియు మనుస్మృతి పదునొకండవ అధ్యాయమునఁ గలదు. ఈ సిద్ధాంతమును మా ప్రాంతపుటనుభవముతోఁ బోల్చి చూతము. 1930వ దశాబ్దారంభమున నాఁటి నెల్లూరుజిల్లాలోని దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో ఎద్దులు కీళ్లు బిగిసి నడువలేకుండుటను రైతులు కనిపెట్టిరి. మనుష్యులకును వెన్ను వంగి, కీళ్లు బిగిసి, కొందఱు మంచమునకే పరిమితులగుచుండిరి. 1937లో షార్టు మొదలగు వైద్యశాస్త్రజ్ఞులు పరిశోధించి, నీటిలోని ఫ్లోరైడు దీనికిఁ గారణమని ప్రకటించిరి. మనదేశమున మనుష్యులయందు ఫ్లోరోసిస్ రోగమును గూర్చి వెలువడిన తొలిపరిశోధన యిదియే. లీటరునీటిలో ఒకటిన్నర మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడు ఉండరాదని ప్రపంచారోగ్యసంస్థ హద్దు విధించినది. ఒకే బావినీరు త్రాగిన యెద్దునకును యజమానునకును ఒకే వైకల్యము కలుగఁగా, పూర్వజన్మమున ఇరువురును ఏ గుఱ్ఱమును దొంగిలిరని వెదకుట? ఆ తాలూకాలు 1970లో ఒంగోలుజిల్లాలోఁ జేరిపోయినవి. రోగకారణమును దెలిపిన చరిత్రలో నెల్లూరుపేరు నిలిచినది. కర్మసిద్ధాంతమును ఖండించుట నా యుద్దేశము కాదు. అది బావినీటిని పరీక్షింపకుండుటకు సాకు కారాదనియే నా మనవి.

దాయవిచారము

వికలాంగుని నిందించినవానిని దండించిన స్మృతియే వానికి ఆస్తిలోఁ బాలు లేదనెను. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయమున పుట్టంధుఁడు, పుట్టుచెవిటివాఁడు, ఉన్మత్తుఁడు, జడుఁడు, మూఁగ, ఇంద్రియహీనుఁడు మొదలగువారు నిరంశులని చెప్పి, వెంటనే వారికి యావజ్జీవము గ్రాసాచ్ఛాదనము, అనఁగా కూడును గుడ్డయు, యథాశక్తి నీయవలయుననియు, ఈయనివాఁడు పతితుఁడగుననియు విధించెను. యాజ్ఞవల్క్యుఁ డీవిధినే యనుసరించెను. కళ్యాణపురమున విజ్ఞానేశ్వరుఁడు మితాక్షర రచించుచు దీని కఠినత్వమును కొంత సడలించినాఁడు. ఔషధాదులచే దోషము తొలఁగినచో పాలు వచ్చుననియు, విభాగమైన పిమ్మటఁ గలిగిన దోషముచే పాలు పోదనియు, నిర్దోషులగు పుత్రులకు పాలు కలదనియు ఆయన మతము. ఆ మితాక్షరను పదుమూఁడవ శతాబ్దమున తెలుఁగుఁజేసినవాఁడు మూలఘటిక కేతన. దశకుమారచరిత్రమును తిక్కనకుఁ గృతియిచ్చిన కవి యతఁడే. విజ్ఞానేశ్వరీయము తెలుఁగువారి తొలి న్యాయగ్రంథము. ఇట్లు తిక్కనయు కేతనయు ఒక్కకాలమువారే. ఒకని కావ్యమున అంధునకుఁ గథ వినిపించు సంజయుఁడు కలఁడు. మఱియొకఁడు తెలుఁగువారికిఁ దెచ్చిన శాస్త్రమున అంధునకుఁ బాలు లేదను ధర్మము కలదు. ఈ రెండింటిని ప్రక్కప్రక్కన నుంచి చదివిననే మన వాఙ్మయపు వైఖరి పూర్తిగా బోధపడును. దయకు లోటు లేదు. పాలు మాత్రము లేదు.

ఈ నియమము తొలఁగుటకుఁ జాలకాలము పట్టినది. 1928వ సంవత్సరపు పండ్రెండవ చట్టము, పుట్టుకనుండియు ఉన్మాదియో జడుఁడో యైనవాఁడు తప్ప, ఇతరులెవ్వరును రోగముచేతఁ గాని అంగలోపముచేతఁ గాని దాయమునకు అనర్హులు కారని శాసించెను. 1956వ సంవత్సరపు హిందూవారసత్వచట్టము ఇరువదియెనిమిదవ విధిచే మిగిలిన ఆ మినహాయింపును సైతము తొలఁగించినది. చట్టమున నిరంశులు లేరు. ఆచారమున లేరని చెప్పఁగలవా రెవ్వరు? పంపకమునాఁడు, మాట రాని తమ్మునకు ‘మే మున్నాము గదా, అన్నము పెట్టమా’ అను అన్నలు మన గ్రామములలో నేఁటికిని కలరు. వా రెఱుఁగకయే పలుకుచున్నది మనువాక్యము. పాలు లేదు, గ్రాసాచ్ఛాదనము కలదు.

పింఛనును గూర్చి నిష్పక్షపాతముగాఁ బలుకవలయును. మన రాష్ట్రమున 2024 జూలైనుండి వికలాంగులకు నెలకు 6,000 రూపాయలును, పూర్తిగా మంచమునకే పరిమితులైనవారికి 15,000 రూపాయలును ఈయఁబడుచున్నవి. ఇది స్వల్పసహాయము కాదు, అనేకకుటుంబములకు జీవనాధారము. దీనికి నూటికి నలువది పాళ్లు వైకల్యము కలదని ‘సదరం’ పత్రము కావలయును. ఆ పత్రముకొఱకు నడువలేనివాఁడు నడిచి, చూడలేనివాఁడు వరుసలో నిలిచి, తనకు లేనిదానిని లెక్కగట్టించుకొనవలసి యున్నది. కాని యెంత పెంచినను పింఛను గ్రాసాచ్ఛాదనమే. దాయమనఁగా విద్య, ఉద్యోగము, ఇల్లు, ఓటు, వివాహము, అభిప్రాయము. ఉద్యోగములలో 1995 చట్ట మిచ్చిన నూటికి మూఁడు పాళ్లు 2016 చట్టముచే నాలుగయ్యెను, ఉన్నతవిద్యలో ఐదు. ఇవి దాయమువైపు వేసిన అడుగులు. బహిరంగముగా వికలాంగుని బుద్ధిపూర్వకముగా అవమానించినవానికి ఆఱునెలలనుండి ఐదేండ్లవఱకు కారాగారమని ఆ చట్టముననే కలదు. అది కౌటిల్యుని పణములకు నేఁటి రూపము.

మా యూరిపేరు కావలి. కావలియనఁగా కాపు, రక్షణము. వికలాంగునియెడ మన సమాజము చూపిన ఉత్తమభావము సైతము కావలియే. కావలివాఁడు సొత్తును గాచును. సొత్తు అభిప్రాయము నడుగఁడు. 2016 చట్టము పదునాలుగవ విధిలో ‘పరిమితసంరక్షకత్వము’ అను క్రొత్తభావము కలదు. సంరక్షకుఁడు తానొక్కఁడే నిర్ణయింపక, వికలాంగునితోఁ గలసి, వాని యభీష్టము ననుసరించి నిర్ణయింపవలయునని దాని సారము. కావలినుండి తోడునకు ఇది మార్గము. సంజయుఁడు ధృతరాష్ట్రునకుఁ గావలివాఁడు కాఁడు, తోడు. గాంధారి కన్నులకు గంత గట్టుకొని భర్తదుఃఖమును పంచుకొన్నది. ఆమె పాతివ్రత్యము కొనియాడఁదగినదే. కాని అంధునకుఁ గావలసినది తోటి అంధత్వము కాదు, చూచి చెప్పు కన్ను. సానుభూతికిని సహాయమునకును గల భేదమును భారతము ఈ ఇరువురియందును జూపినది.

వాఙ్మయదాయము

ఇచ్చట పూర్వపక్షము: ఆస్తిపాస్తులు న్యాయస్థానముల విషయములు, సాహిత్యసంస్థలకు వానితోఁ బనియేమి? దీనికి సమాధానము: వాఙ్మయమును ఆస్తియే. అందును వికలాంగులు నిరంశులుగానే యున్నారు. ఈ యాస్తికి కాపుదారులము మనమే కాఁబట్టి, పంచి యీయవలసిన భారము మనదే.

లూయీ బ్రెయిలు అను ఫ్రెంచిదేశీయుఁడు పందొమ్మిదవ శతాబ్దమున ఆఱుచుక్కల లిపిని కల్పించెను. 1951లో భారతీయభాషల కన్నింటికిని ఉమ్మడిగా భారతి బ్రెయిలు ఏర్పడినది. వైయాకరణులు దీనిని చూడవలయును. ఇందు గుణింతపు గుఱుతులు లేవు. హల్లు పిమ్మట అచ్చునే వ్రాయుదురు. సంయుక్తాక్షరమున పొల్లుగుఱుతు హల్లునకు ముందు వచ్చును. ‘క్త’ వ్రాయుటకు పొల్లు, కకారము, తకారము వరుసగా నుండును. అనఁగా వ్రేళ్లతోఁ జదువు బాలుఁడు ప్రతిపదమును వర్ణక్రమము చెప్పుచున్నట్లే చదువును. కన్నులున్న విద్యార్థులకు మనము కష్టపడి నేర్పు వర్ణవిభాగము వానికి లిపియందే సిద్ధించినది. ఇట్టివాఁడు వ్యాకరణమునకుఁ దగఁడను మాట ఎట్లు పొసఁగును?

నేఁడు బ్రెయిలుతోపాటు కంప్యూటరులోని అక్షరములను చదివి వినిపించు స్క్రీన్ రీడర్ అను సాధనము వచ్చినది. 2006లో వచ్చిన ఎన్.వి.డి.ఏ. అను సాధనము ఉచితముగనే దొరకును, తెలుఁగును చదువును. కాని చదువుటకు అక్షరము యూనికోడు పద్ధతిలో నుండవలయును. మన ముద్రణాలయములలో చిరకాలము వాడిన ఫాంటులు పెక్కు యూనికోడునకుఁ జెందినవి కావు. వానిలో తెలుఁగక్షరపు రూపము ఇంగ్లీషక్షరపు స్థానమునఁ గూర్చుండును. కంటికి తెలుఁగుగాఁ గనఁబడునది యంత్రమునకు అర్థరహితమగు ఇంగ్లీషక్షరములగుంపుగా వినఁబడును. పాతపత్రికలను ఛాయాచిత్రములుగా భద్రపఱచుచున్నాము. ఛాయాచిత్రమున అక్షరము లేదు, బొమ్మ మాత్రమే కలదు. పరిశోధకుఁడు అంధుఁడైనచో మన సంచికలలో నొకదానినైనను తనంత చదువఁజాలఁడు. ఇది మన వాకిటి ద్వారపాలకుఁడు.

చట్ట మడ్డు కాదు. 2012లో కాపీహక్కుచట్టము సవరింపఁబడి, వికలాంగులు చదువఁదగిన రూపమున గ్రంథములను తయారుచేయుటకు మినహాయింపు లభించినది. అంధులకొఱకు గ్రంథముల నిచ్చిపుచ్చుకొనుటకు మరాకెష్ నగరమున 2013లో జరిగిన అంతర్జాతీయపుటొడంబడికను 2014లో అందఱికంటె ముందుగా ఆమోదించిన దేశము మనదే. ‘సుగమ్య పుస్తకాలయ’ అను అంతర్జాలగ్రంథాలయము 2016లో వెలసినది. చట్టమును గ్రంథాలయమును సిద్ధముగా నున్నవి. శుద్ధపాఠములతోఁ గూడిన తెలుఁగు గ్రంథములను ఆ రూపమునకుఁ దెచ్చి యిచ్చు పండితులే చాలవలసియున్నది.

ఇట్టి పని వలన లాభము వికలాంగులకే యని తలఁపరాదు. విజయనగరమున దివాణపుటుద్యోగియొకని అంధపుత్రునకు సంగీతము నేర్పించు నిమిత్తమై విజయరామగజపతి మహారాజు 1919లో సంగీతకళాశాలను స్థాపించెనని చెప్పుదురు. ఆదిభట్ల నారాయణదాసు ప్రథమాధ్యక్షుఁడు. దృష్టిమాంద్యము గల ద్వారం వేంకటస్వామినాయుఁడు అచ్చట ఆచార్యుఁడై 1936లో అధ్యక్షుఁడయ్యెను. ఘంటసాల వేంకటేశ్వరరావు అచ్చటనే చదివెను. ఒక అంధబాలునకై తెఱచిన తలుపునుండి తెలుఁగుదేశపు సంగీతమంతయు నడిచివచ్చినది.

మన సాహిత్యచరిత్రమునను ఇట్టివారు కలరు. చిలకమర్తి లక్ష్మీనరసింహము (1867–1946) బాల్యమునుండి రేచీకటిచే బాధపడి, తుదకుఁ జూపు కోల్పోయి, స్వీయచరిత్రమును చెప్పి వ్రాయించెను. ఆయనకు వ్రాయసకాండ్రు దొరకిరి. నేఁడు పరీక్షాశాలలో అంధవిద్యార్థికి వ్రాసిపెట్టువానిని వెదకుటయే మొదటిపరీక్ష. వ్రాయుటకుఁ జేయి కుదురని విద్యార్థికిని లేఖరి నీయవలయునని 2021లో సర్వోన్నతన్యాయస్థానము చెప్పవలసివచ్చినది. గిడుగు వేంకటరామమూర్తి (1863–1940) సవరభాషాపరిశోధనకై మన్యమునఁ దిరిగి, మలేరియాకు వాడిన క్వినైనుచేఁ జెవుడు తెచ్చుకొనెను. గ్రాంథికవాదులమగు మనము ఆయనతో వాదించినది వేఱుమాట. చెవులు వినరాని పండితుఁడు జనుల నోటిమాటకై జీవితమంతయుఁ బోరాడెననుట మన మెల్లరము స్మరింపఁదగిన విషయము. ఈ ఇరువుర చరిత్రములను పాఠముగాఁ జెప్పువారు వారి వైకల్యమును జాలికొఱకు గాని అద్భుతముకొఱకు గాని చెప్పక, వారికి ఏ తోడు లభించినదో, ఏది లభింపలేదో చెప్పినచో విద్యార్థులకు మేలు కలుగును.

హాస్యమును గూర్చి యొక్కమాట. నాటకములయందును చలనచిత్రములయందును నత్తివానిని, చెవిటివానిని నవ్వులకై తెచ్చుట మనకుఁ బరిపాటియైనది. 2024 జూలైలో సర్వోన్నతన్యాయస్థానము వికలాంగుల చిత్రణమును గూర్చి మార్గదర్శకములు చెప్పుచు, వైకల్యమును తెలిసికొనుటకుఁ దోడ్పడు హాస్యమును వికలాంగుని కించపఱచు హాస్యమునుండి వేఱుపఱచినది. ఇది న్యాయస్థానము చెప్పవలసివచ్చినను వాస్తవమునకు ఆలంకారికుల పని. హాస్యమున ఆలంబనము ఎవ్వరు, నవ్వు ఎవరివంక నున్నదని విచారించు శాస్త్రము మనది. కె. విశ్వనాథ్ 1986లో తీసిన ‘సిరివెన్నెల’లో వేణుగాయకుఁడు అంధుఁడు, చిత్రకారిణి మూఁగ. వారి నడుమ మాటయు చూపును ఎట్లు చేరునో యనునదియే అందలి రసము. వైకల్యము నవ్వునకు హేతువు కాలేదు.

కావున సాహిత్యసంస్థలకు నా విన్నపము మూఁడు విధములు. ప్రతిసంచికను యూనికోడు పాఠముగా సిద్ధపఱచి చదువఁగోరు అంధులకు ఉచితముగా నీయవలయును. సభలను మెట్లు లేని చోట జరిపి, సంకేతభాషలో అనువదించువానిని పిలువవలయును. పరిష్కరించి ప్రకటించు గ్రంథములలో తిక్కనభారతయుద్ధపర్వములను మొదట శ్రవ్యరూపమున వెలువరింపవలయును. ఆ కథను తొలుత విన్నవాఁడు కన్నులు లేనివాఁడు. అది వారి సొత్తు. వారికిఁ జేరవలసిన పాలు.